కండక్టర్ లేడు, కాగితాలు లేవు: ఐరిష్ కచేరీలో అందరూ ఒకేసారి ట్యూన్ ఎలా మారుస్తారు?

మీ ప్రశ్నని నాకు అర్థమైనంతలో ముందు కుదించి రాస్తాను. కార్క్‌లో ఒక ఐరిష్ సంప్రదాయ సంగీత కచేరీకి వెళ్లారు. వేదిక మీద ఆరుగురు: ఫిడిల్, చెక్క ఫ్లూట్, ఇలన్ పైప్స్ (సంచిలో గాలి నింపి వాయించే గొట్టాల వాద్యం), బటన్ అకార్డియన్, గిటార్, బౌరాన్ (తోలు బిగించిన చట్రం డ్రమ్). ఎవరి ముందూ నొటేషన్ లేదు, చెయ్యి ఊపి నడిపించే మనిషీ లేడు. అయినా ఒక ట్యూన్ నుంచి ఇంకో ట్యూన్‌లోకి అందరూ ఒక్క క్షణంలో మారిపోయారు. అదెలా? అందరూ వాయించేది ఒకటే వరస అయితే అంతమంది ఎందుకు? అన్నీ ఒకేలా వినిపించాయి, లోపం మీ చెవిదా? చిన్నప్పుడు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్న మీరు పబ్బుల్లో వాద్యకారులు కూడి వాయించే సెషన్‌లో కూర్చోవచ్చా?

నేను ఐర్లాండ్‌లోనే చాలా ఏళ్లుగా ఉంటున్నాను, ఫిడిల్ వాయిస్తాను. ఎక్కువగా సెషన్లలో, అప్పుడప్పుడూ వేదికల మీద. రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

ఈ ట్యూన్లు పాతవి. పదిమంది కూర్చుని వాటిని కలిసి వాయించడం మాత్రం పాతది కాదు. పల్లెల్లో ఎవరింటి వంటగదిలోనో, నాలుగు రోడ్ల కూడలిలోనో డాన్స్ జరిగేది. దానికి ఒక ఫిడిలరో, ఒక పైపరో చాలు. మహా అయితే ఇద్దరు. మెలొడీ, తాళం, ఊపు అన్నీ ఆ ఒక్క మనిషి చేతుల్లోనే ఉండాలి. మెలొడీ కింద కార్డ్‌లు (కలిపి పలికే స్వరాలు) వాయించేవాళ్లు, తాళం వేసేవాళ్లు, తంబురా లాంటి శ్రుతి ఏవీ లేవు. పైప్స్‌లో ఎప్పుడూ ఒకే స్వరం మోగే డ్రోన్లు ఒక్కటే మినహాయింపు. ఒక్కడి కోసం తయారైన సంగీతం కాబట్టే ఆ వరస ఎక్కడా ఆగదు, ఖాళీ ఉండదు. తర్వాతి కాలంలో నలుగురైదుగురు కలిసినప్పుడు ఎవరికీ వేరే పని మిగల్లేదు. అందరికీ తెలిసింది ఆ మెలొడీయే, అందరూ దాన్నే వాయించారు.

కలిసి వాయించాల్సిన అవసరం హాళ్ల వల్ల వచ్చింది. పెద్ద హాల్లో మైకు లేకుండా ఒక్క ఫిడిల్ ఏమూలకీ వినపడదు. అందుకే ఫిడిళ్లు, ఫ్లూట్లు, అకార్డియన్, పియానో, డ్రమ్ కలిపి కేలీ బ్యాండ్లు, అంటే డాన్సుకి వాయించే బృందాలు, పుట్టాయి. క్లేర్ కౌంటీలో కిల్ఫెనోరా బ్యాండ్ 1909 నాటిది, టల్లా బ్యాండ్ 1946లో మొదలైంది, రెండూ ఇప్పటికీ ఉన్నాయి. మధ్యలో 1935లో పబ్లిక్ డాన్స్ హాల్స్ చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా బహిరంగంగా డాన్స్ పెట్టకూడదన్నారు. చర్చి పెద్దలకి, పోలీసులకి ఇళ్లలో జరిగే డాన్సుల్ని కూడా ఆపడానికి అది చేతికందిన సాధనం అయింది. వంటగదుల్లోంచి సంగీతం హాళ్లకి తరలిపోయింది.

మీరు పబ్బుల్లో చూసే సెషన్ ఇంకా కొత్తది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లండన్‌లో బిల్డింగు పనులకి వెళ్లిన ఐరిష్ కూలీలు కేమ్‌డెన్ టౌన్, కెంటిష్ టౌన్ ప్రాంతాల పబ్బుల్లో సాయంత్రాలు కూర్చుని వాయించేవాళ్లు. వేర్వేరు కౌంటీల వాళ్లు, ఒకే టేబుల్. ఐర్లాండ్‌లో 1951లో సంప్రదాయ సంగీతం కోసం కోల్టస్ అనే సంస్థ ఏర్పడింది, అదే ఏడాది ములింగర్‌లో మొదటి ఫ్లా అనే సంగీత ఉత్సవం జరిగింది. ఏటా జరిగే ఆ ఉత్సవాలతో ఇక్కడి పబ్బుల్లోనూ సెషన్ అలవాటైంది. పర్యాటకుల కరపత్రాల్లో దీన్ని వేల ఏళ్ల నాటి కెల్టిక్ ఆచారం అన్నట్టు రాస్తారు. నమ్మకండి.

ఇక మారడం సంగతి. మొదట ట్యూన్ కట్టుబడి చూడండి. ఎక్కువ ట్యూన్లకి రెండు భాగాలు. ఒక్కో భాగం ఎనిమిది బార్లు (బార్ అంటే తాళం ఒక చుట్టు), దాన్ని రెండుసార్లు వాయిస్తారు. మొదటి భాగం రెండుసార్లు, రెండో భాగం రెండుసార్లు, మొత్తం 32 బార్లు అయితే ఒక ఆవృతం. మామూలు సెషన్ వేగంలో దానికి అర నిమిషం కన్నా కాస్త ఎక్కువ పడుతుంది. ఒక ట్యూన్‌ని రెండు మూడు ఆవృతాలు వాయించి, ఆగకుండా ఇంకో ట్యూన్‌లోకి, దాన్నుంచి మూడోదానిలోకి వెళ్తారు. దీన్నే సెట్ అంటారు. మూడు ట్యూన్లు మూడేసి ఆవృతాలైతే సెట్ దాదాపు ఐదు నిమిషాలు. అన్నీ ఒకే జాతివి ఉంటాయి: రీళ్లయితే రీళ్లు, జిగ్గులయితే జిగ్గులు.

కాబట్టి మార్పు ఎక్కడైనా రాదు. ఆవృతం చివర మాత్రమే వస్తుంది. అది అందరికీ తెలుసు. ఎన్నో ఆవృతంలో అన్నదొక్కటే తెలియాలి. వేదిక మీద అయితే రిహార్సల్‌లో ముందే అనుకుంటారు. సెషన్‌లో అయితే సెట్ ఎవరు ఎత్తుకున్నారో వాళ్లదే నిర్ణయం. రెండో భాగం చివరి రెండు మూడు బార్లలో ఆ మనిషిని గమనించండి. తల ఎత్తుతాడు, పక్కవాళ్ల కళ్లలోకి చూస్తాడు, ఫిడిల్ కొస కొంచెం పైకి లేస్తుంది, లేదా గట్టిగా "హప్!" అంటాడు. ఫ్లూట్ వాయించేవాళ్లకి అరవడానికి నోరు ఖాళీ ఉండదు కాబట్టి కనుబొమలే. తర్వాత వచ్చే ట్యూన్ ఏదో మిగతావాళ్లకి తెలియకపోయినా పరవాలేదు. అతను మొదటి బార్ ఒంటరిగా వాయిస్తాడు, రెండో బార్‌కల్లా గుర్తుపట్టి అందరూ అందుకుంటారు. ఈసారి సెషన్‌కి వెళ్తే ఆ ఒక్క బార్ వినండి. శబ్దం ఒక్కసారి పల్చబడి మళ్లీ నిండుతుంది.

కొన్ని సెట్లు అసలు సైగ అవసరం లేనంత స్థిరపడిపోయాయి. స్లైగో కౌంటీలో పుట్టి న్యూయార్క్ చేరిన మైకేల్ కోల్‌మన్ అనే ఫిడిలర్ 1920ల నుంచి అక్కడ గ్రామఫోన్ రికార్డులు ఇచ్చాడు. అవి పార్సిళ్లలో, ట్రంకుపెట్టెల్లో ఐర్లాండ్ చేరి ఊరూరా తిరిగాయి. ఆయన ఒక రికార్డులో మూడు రీళ్లని ఏ వరసలో వాయించాడో, టార్‌బోల్టన్ సెట్ పేరుతో ఈరోజుకీ అదే వరసలో వాయిస్తారు. మొదటి రీల్ ఎవరైనా ఎత్తుకుంటే మిగతా రెండూ చెప్పక్కర్లేదు.

అందరూ ఒకే వరస వాయిస్తారని అన్నారు కదా. దగ్గరగా వింటే అది సగమే నిజం. వరస ఒకటే, దాన్ని పలికించే తీరు ఆరుగురిది ఆరు రకాలు. ఒక జిగ్‌లో ఒక స్వరం కొంచెం పొడుగ్గా ఆగుతుందనుకోండి. ఫ్లూట్ వాయించే ఆమె అక్కడ రోల్ వేస్తుంది: స్వరం పట్టి, పై వేలు ఒక్క రెప్పపాటు ఎత్తి దించి, మళ్లీ అదే స్వరం, కింది రంధ్రం మీద వేలితో ఒక తట్టు తట్టి, మళ్లీ అదే స్వరం. ఆ ఎత్తడం, తట్టడం వేరే స్వరాలుగా వినపడకూడదు, మధ్యలో స్వరం తెగినట్టు మాత్రమే తెలియాలి. బృందంలో బ్యాంజో ఉంటే, దాని మీద స్వరం నిలవదు కాబట్టి బ్యాంజో వాయించేవాడు అదే చోట మూడు చిన్న మీటులు మీటుతాడు. పైప్స్‌లో అట్టడుగు డి స్వరం దగ్గర కింద తట్టడానికి ఇంకో రంధ్రం లేదు, అందుకని పై వేళ్లతోనే ఆ స్వరాన్ని చకచకా ముక్కలు చేస్తారు, దాన్ని క్రాన్ అంటారు. ఫిడిలరు విల్లు ఒక్కసారి దిశ మార్చి సరిపెట్టేస్తాడు. పైగా రెండో ఆవృతంలో వీళ్లెవరూ అక్కడ మొదట చేసిందే చెయ్యాలని లేదు.

శ్వాస కూడా ఇందులో భాగమే. ఫ్లూట్ వాయించేవాళ్లకి ఆగే చోటు లేని ట్యూన్లు ఇవి. ఊపిరి తీసుకోవాలంటే ఏదో ఒక స్వరాన్ని వదిలెయ్యాలి. మంచి వాద్యకారులు ప్రతి ఆవృతంలో వేర్వేరు స్వరాల దగ్గర వదులుతారు. ఒంటరిగా వాయిస్తే ఆ ఖాళీలే ట్యూన్‌కి ఊపు ఇస్తాయి, గుంపులో అయితే పక్కనున్న ఫిడిల్ ఆ ఖాళీని నింపేస్తుంది.

మన పద్ధతిలో మనోధర్మం అంటే రాగాన్ని విస్తరించడం కదా. అది ఇక్కడ లేదు. ట్యూన్ అస్థిపంజరం కదలదు. బార్లు పెరగవు, తగ్గవు. వైవిధ్యం అంతా ఒక స్వరం చుట్టూ, రెండు స్వరాల మధ్య, విల్లు ఎక్కడ తిప్పారన్న దాంట్లో జరుగుతుంది. మీకు అన్నీ ఒకేలా వినిపించడానికి ఇదొక కారణం: పెద్ద మార్పు కోసం ఎదురుచూశారు, మార్పులన్నీ చిన్నవి. ఆరుగుర్నీ కలిపి వినడం మానేసి ఒక సెట్ మొత్తం ఫ్లూట్‌నే పట్టుకోండి. తర్వాతి సెట్‌లో పైప్స్‌ని. ఇంకో సాయం: చాలా ట్యూన్లలో రెండో భాగం మొదటిదానికంటే పై స్థాయిలో మొదలవుతుంది. ఆ ఎక్కే చోటు దొరికితే ట్యూన్‌లో ఎక్కడున్నామో తెలిసిపోతుంది. తాళానికి వస్తే రీల్ నాలుగు లెక్కలో పరుగెడుతుంది, జిగ్‌లో ఆరు మాత్రలు మూడు మూడుగా విరుగుతాయి, స్లిప్ జిగ్‌కి తొమ్మిది, పోల్కాకి రెండు. హార్న్‌పైప్ రీల్ లాంటి లెక్కే, కాకపోతే నెమ్మదిగా, తూగుతూ నడుస్తుంది.

పైపర్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే కచేరీ మధ్యలో ఆయన ఐదు నిమిషాలు శ్రుతి చేసుకుంటుంటే మీకు విసుగొచ్చిందని రాశారు. ఇలన్ పైప్స్‌ని నోటితో ఊదరు. కుడి మోచేతి కింద చిన్న తిత్తి ఉంటుంది, దాంతో గాలి కొట్టి ఎడమ చంక కింది సంచి నింపుతారు. మెలొడీ వాయించే గొట్టం చాంటర్, దానికి రెండు స్థాయిలు పలుకుతాయి. ఎప్పుడూ మోగే డ్రోన్లు మూడు. వాటి పక్కన రెగ్యులేటర్లు అని మరో మూడు గొట్టాలు, వాటి మీటల్ని మణికట్టుతో నొక్కితే కార్డ్‌లు పలుకుతాయి. వేళ్లు ట్యూన్ మీద, మోచేతులు గాలి మీద, మణికట్టు కార్డ్‌ల మీద. ఈ ఏడు గొట్టాల్లోనూ లోపల రీడ్లు (గాలికి అదిరి మోగే పల్చని నాలుకలు) ఉంటాయి. నోటి తడి తగలదు కాబట్టి ఈ రీడ్లు పొడి గాలికి, వేడికి, చలికి ఇట్టే మారిపోతాయి. డ్రెస్సింగ్ రూమ్‌లో కలిసిన శ్రుతి వేదిక దీపాల కింద పది నిమిషాలకి జారిపోతుంది. పక్కన అకార్డియన్ ఉందా, దాని శ్రుతి మార్చడం కుదరదు, పైపరే వచ్చి దానికి కలవాలి. అందుకే ఆయన మెలితిప్పుతున్నంతసేపూ పక్కవాళ్లు జోకులు వేస్తూ కాలక్షేపం చేస్తారు. కచేరీల్లో సగం కబుర్లు పైపర్ రీడ్ల పుణ్యమే. 1950ల నాటికి ఈ వాద్యం వాయించేవాళ్లు చాలా తగ్గిపోయారు. 1968లో పైపర్లంతా కలిసి సొంత సంఘం పెట్టుకున్నారు, 2017లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇప్పుడు మీరు చూసిన లాంటి కచేరీ. అందరూ మొదటి నుంచి చివరి దాకా ఒకేసారి వాయించకుండా ఫ్లూట్ ఒంటరిగా మొదలవడం, రెండో ఆవృతంలో ఫిడిల్ చేరడం, మూడో ట్యూన్‌కి అందరూ విరుచుకుపడడం, ఇవన్నీ 1960ల ఆలోచనలు. షాన్ ఓ రియాడా అనే స్వరకర్త, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం చదువుకున్నవాడు, కేలీ బ్యాండ్ల మోతని అసహ్యించుకున్నాడు. 1962లో రేడియోలో ప్రసంగాలు చేస్తూ, వైవిధ్యం, వ్యక్తిగత ముద్ర రెండూ పోయి అందరూ ట్యూన్‌ని బాదిపారేస్తున్నారనీ, అది బోర్లించిన జామ్ సీసాలో ఈగ రొద లాంటిదనీ అన్నాడు. కేలీ బ్యాండ్ల వాళ్లకి ఆ మాట ఇప్పటికీ మంటే. న్యాయంగా చెప్పాలంటే ఆయన కొంచెం అతి చేశాడు, డాన్స్ కోసం వాయించే బ్యాండ్‌ని కూర్చుని వినేవాడి కొలతతో కొలిచాడు. కానీ ఆయన పెట్టిన కోల్టోరీ హూలన్ బృందం దారి మార్చింది. సూట్లు వేసుకుని, కుర్చీల్లో కూర్చుని, ఒకరి తర్వాత ఒకరు వాయించే పద్ధతి. పాత ఐరిష్ హార్ప్‌కి లోహపు తీగలుండేవి, ఆ ధ్వనికి దగ్గరగా ఉంటుందని ఆయన హార్ప్సికార్డ్ వాయించేవాడు. 1969లో డబ్లిన్ గెయిటీ థియేటర్‌లో ఆ బృందం చేసిన కచేరీ రికార్డుగా వచ్చింది, దొరికితే వినండి.

ఆ బృందంలో పైప్స్ వాయించిన పాడీ మొలోనీయే 1962లో ది చీఫ్‌టెన్స్ మొదలుపెట్టాడు. 1983లో చైనా మహాకుడ్యం మీద వాయించింది ఈ బృందమే. తర్వాత 1972లో ప్లాంక్స్‌టీ, 1975లో బోతీ బ్యాండ్ వచ్చి బుజూకీ అనే తంత్రీ వాద్యం, గిటార్లతో కుర్రకారుని పట్టుకున్నాయి. ఈరోజు వేదిక మీద మీరు చూసే అమరిక చాలావరకు ఈ మూడింటి నుంచి వచ్చిందే.

చాలామంది పురాతనం అనుకునే బౌరాన్ సంగతీ ఇంతే. మేక తోలు బిగించిన ఆ చట్రం వాద్యం ఎక్కువగా డిసెంబర్ 26న రెన్ పక్షి పేరుతో వేషాలు కట్టి ఊరు తిరిగే కుర్రాళ్ల చేతుల్లో కనపడేది. దాన్ని కచేరీకి తెచ్చింది ఓ రియాడా. బుజూకీ అయితే గ్రీకు వాద్యం, 1960ల్లో ఇక్కడికొచ్చింది. గిటార్‌ని డి-ఎ-డి-జి-ఎ-డి శ్రుతిలో కట్టి వాయించడం బోతీ బ్యాండ్ గిటారిస్టు మీహాల్ ఓ డోనల్ వల్ల బాగా వ్యాపించింది. ఈ తోడు వాద్యాలు లేకపోయినా ట్యూన్‌కి లోటు రాదు. అందుకే సెషన్‌లో ఒక గిటార్ ముద్దు, రెండు గిటార్లంటే తలనొప్పి: ఒకే చోట ఇద్దరూ రెండు వేరే కార్డ్‌లు పట్టుకుంటారు. బౌరాన్లు రెండయితే ఏమవుతుందో ఊహించుకోండి. బౌరాన్ వాళ్ల మీద ఇక్కడ ఉన్నన్ని జోకులు ఇంకెవరి మీదా లేవు.

కచేరీకీ సెషన్‌కీ ఇంకో తేడా కూర్చోవడంలో ఉంది. సెషన్‌లో వాద్యకారులు ఒకరికొకరు ఎదురుగా, గదికి వీపు పెట్టి కూర్చుంటారు. ఎవరూ జనం కోసం వాయించట్లేదు. వేదిక మీద అలా కుదరదు కాబట్టి అర్ధచంద్రాకారంలో కూర్చుంటారు, జనానికీ కనపడాలి, పక్కవాడి కళ్లూ కనపడాలి. చివర్న కూర్చున్నవాడికి మానిటర్ స్పీకర్ సరిగ్గా లేకపోతే అతను అరక్షణం వెనకబడతాడు, మొత్తం సెట్ కాళ్లీడుస్తుంది. కచేరీ తర్వాత అదే మనుషులు పబ్‌లో మైకు లేకుండా వాయిస్తే అంతకంటే బాగుండడం నేను చాలాసార్లు చూశాను.

చివరగా మీరు కూర్చోవచ్చా అన్నది. వినడానికి నిరభ్యంతరంగా. వాయించడానికి, ట్యూన్ తెలిస్తేనే. తెలియని ట్యూన్ వస్తే ఫిడిల్ ఒళ్లో పెట్టుకుని వినడం ఇక్కడ మర్యాద, ఎవరూ తక్కువగా చూడరు. తెలియకపోయినా రాగం పట్టుకుని ఏదో కలిపేద్దాం అనుకోవడం మాత్రం తప్పు. మన దగ్గర శిక్షణ ఉన్నవాళ్లకి ఆ టెంప్టేషన్ ఎక్కువ. ఎందుకంటే ట్యూన్లు చాలావరకు మనకి తెలిసిన మేళాల్లోనే పడతాయి: కొన్ని శంకరాభరణం, కొన్ని హరికాంభోజి, కొన్ని ఖరహరప్రియ స్వరాలు. స్వరాలు పట్టుకోవడం మీకు సులువు, చెవితో నేర్చుకోవడమూ అలవాటే. అక్కడితో సుఖం అయిపోయింది. మీ ఎడమ చెయ్యి స్వరం నుంచి స్వరానికి జారుతుంది, ఇక్కడ జారకూడదు. కుడి చేతికి పొడవైన విల్లు అలవాటు, ఇక్కడ విల్లులో మధ్యభాగం కాస్తంతే వాడి, మణికట్టుతో తాళాన్ని తోయాలి. తీగల్ని స-ప-స-ప కాకుండా జి-డి-ఎ-ఇ కి బిగించాలి, దానికి సరిపడే పాశ్చాత్య తీగల సెట్ కొనుక్కోండి. మన శ్రుతికి వేసుకున్న తీగల్నే పైకి లాగితే తెగుతాయి. కుర్చీలో కూర్చుని గడ్డం కింద పట్టుకోవడం మొదట్లో మెడకి ఇబ్బంది, అది త్వరగానే పోతుంది.

ఫోన్‌లో రికార్డ్ చేసుకోవాలంటే అడగండి, సాధారణంగా కాదనరు. టేబుల్ దగ్గర ఖాళీ కుర్చీ కనపడితే కూర్చోకండి, అది ఇంకా రాని ఫిడిలర్‌ది అయి ఉంటుంది. మొదట నెమ్మదిగా వాయించే స్లో సెషన్లకి వెళ్లండి, కోల్టస్ శాఖలు నడుపుతాయి, క్లాసులూ ఉంటాయి. సెలవు దొరికితే జూలైలో క్లేర్ కౌంటీలోని మిల్‌టౌన్ మాల్‌బేలో విల్లీ క్లాన్సీ సమ్మర్ స్కూల్, 1973 నుంచి నడుస్తోంది. పొద్దున క్లాసులు, సాయంత్రం నుంచి ఊళ్లోని ప్రతి పబ్బులో సెషన్లు.

మీరు కార్క్‌లో ఉన్నారు కాబట్టి రీళ్ల జోలికి ఇప్పుడే పోకండి. కార్క్, కెర్రీ సరిహద్దులోని స్లీవ్ లూక్రా ప్రాంతానిది పోల్కాలు, స్లైడ్ల (జిగ్ లాంటి డాన్స్ ట్యూన్ల) సంప్రదాయం. పోల్కాలు పొట్టివి, మెలొడీ తేట, ఆ చుట్టుపక్కల సెషన్లలో రోజూ వినిపిస్తాయి. మూడు పోల్కాలు ఒక సెట్‌గా నేర్చుకుని, నెమ్మదిగానైనా ఆగకుండా మూడేసి ఆవృతాలు వాయించగలిగినప్పుడు వెళ్లి కూర్చోండి. "ఏమైనా మొదలుపెడతారా?" అని తప్పకుండా అడుగుతారు.

ఆ పోల్కాలు ఏవి ఎంచుకున్నారో ఇక్కడ రాస్తే, విల్లు ఎక్కడ తిప్పాలో చెబుతాను.